ఐదు రాళ్లు

2015 ఏప్రిల్ 25, శనివారం. నేపాల్‌లో భూకంపం వచ్చిన రోజు. అక్కడ బడులకు అప్పట్లో వారపు సెలవు శనివారం కాబట్టి ఎందరో పిల్లలు బతికారు. బడులు మాత్రం వేలకొద్దీ కూలిపోయాయి. అక్కడి పిల్లల్ని ఓదార్చాలని ఆ వేసవి సెలవుల్లో రక్సౌల్ దాకా రైల్లో వెళ్లి, సరిహద్దు దాటి, బస్సులు మారి సింధుపాల్చోక్ చేరాను. ఆ భూకంపంలో అన్నిటికంటే ఎక్కువమందిని పోగొట్టుకున్న జిల్లా అది.

వరంగల్ దగ్గర బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. హిందీ వచ్చు, నేపాలీ దానికి దగ్గరే, సర్దుకుపోవచ్చు అనుకున్నాను. తీరా చూస్తే నేను చేరింది తామాంగుల ఊరు. పిల్లలు ఇంట్లో మాట్లాడేది తామాంగ్. నేపాలీ వాళ్లకూ బడిలో నేర్చుకునే భాషే. రెండూ చెప్పగల అక్కడి మాస్టారు తన ఇల్లు కూలి, రేకుల కోసం తిరుగుతూ సగం రోజు ఉండేవారు కాదు.

మే 31న భూకంపం తాకిన జిల్లాల్లో బడులు మళ్లీ తెరిచారు. మా బడంటే నాలుగు వెదురు గుంజలు, పైన టార్పాలిన్. మొదటి రోజు ఒక్కరూ మధ్యలో కూర్చోలేదు. చెప్పులు విడవకుండా, లేచి పరుగెత్తడానికి వీలుగా అందరూ అంచుల్లోనే కూర్చున్నారు. దగ్గరికి రండమ్మా అందామంటే నాకు మాట లేదు.

ఒక మూల ఎనిమిదేళ్ల పాప ఐదు రాళ్లు ఎగరేసి పట్టుకుంటోంది. మన అచ్చనగండ్లే! అక్కడ గట్టా అంటారు. ఎదురుగా చతికిలబడి చెయ్యి చాపాను. రాళ్లు నా చేతిలో పోసింది. ఒకటి ఎగరేసి రెండు ఏరేసరికి చుట్టూ పిల్లలు మూగారు. అవి ఆ పాప వాళ్లింటి గోడ రాళ్లని తర్వాత మాస్టారు చెప్పారు. రాయి, మట్టి పేర్చి కట్టిన ఇళ్లు కావడంతోనే అన్నీ అలా కుప్పకూలాయట.

ఆ రోజు నుంచి వాళ్లే నాకు పంతుళ్లు. నీళ్లు చూపిస్తే “క్యుఇ” అనేవాళ్లు. తప్పు పలికితే పకపకా నవ్వి, సరిగ్గా వచ్చేదాకా వదిలేవాళ్లు కాదు. నెల రోజులుగా ఊరికి వచ్చిన ప్రతివాళ్లూ బియ్యమో దుప్పటో ఇచ్చి వెళ్లారు. ఆ పిల్లల దగ్గర ఏదైనా పుచ్చుకున్నవాళ్లు లేరు. నాకు మాట నేర్పుతున్నప్పుడు వాళ్ల మొహాలు తేటపడడం కళ్లారా చూశాను.

ఒక మధ్యాహ్నం నేల కదిలింది. నాకు కాళ్లు ఆడలేదు. ఆ పాపే నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. “నడరాఉనుస్, దిదీ” అంది. అందులో డర్ అన్న ముక్క హిందీ పుణ్యమా అని తెలుసు. భయపడకండక్కా అంటోంది. ఓదార్చడానికి వెళ్లిన నన్ను ఆ పసిది ఓదార్చింది.

పన్నెండు రోజులకు తిరిగొచ్చాను. ఇలాంటి పనిమీద వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పేదొక్కటే. బయల్దేరే ముందు అక్కడివాళ్ల భాషలో పది మాటలైనా నేర్చుకోండి. మిగతావి పిల్లల్ని నేర్పనివ్వండి.