అమ్మమ్మకో మూర పూలు

మొన్న రాజమండ్రిలో మా పిన్ని కూతురి పెళ్లి. మండపం నిండా ఆర్కిడ్లు, జెర్బెరాలు. డెకరేషన్ కుర్రాళ్లు తెల్లవార్లూ ఫోమ్ దిమ్మల్లో కాడలు గుచ్చుతూనే ఉన్నారు. బాగుంది, కాదనను. నా కళ్లు మాత్రం కడియపులంక నుంచి వచ్చిన పూలబుట్ట మీదే. తడిగుడ్డ కింద అరటినారతో కట్టిన కనకాంబరాలు, మధ్యమధ్య మరువం రెమ్మ. కనకాంబరానికి వాసన ఉండదు కదా, ఆ లోటు మరువం తీరుస్తుంది.

ముత్తైదువులకి తలో మూర పంచుతూ వచ్చిన మా అత్త, అమ్మమ్మ దగ్గరికి రాగానే పళ్లెం పక్కకి తిప్పేసింది. తాతయ్య పోయి తొమ్మిదేళ్లు. అమ్మమ్మ అలవాటుగా గోడవైపు జరిగింది. నాకు నోరు పెగల్లేదు, నిజం చెప్పాలంటే.

పెళ్లికూతురు చూసింది. పీటల మీదకి వెళ్లబోతూ ఆగి, తన పూలలోంచే కాస్త మల్లెమాల తెంపి అమ్మమ్మ ముడిలో తురిమింది. "ఇన్నాళ్లూ నా జడ వేసింది నువ్వేగా!"

"ఎవరైనా చూస్తారే" అంది అమ్మమ్మ. తీయలేదు మాత్రం.

రాత్రి ఆ పూలని తడి రుమాల్లో చుట్టించి ఫ్రిజ్‌లో పెట్టించుకుంది.