17 కిలోల సైకిలు

రొమ్ము క్యాన్సరుకు కీమో, ఆపరేషను, రేడియేషను అన్నీ పూర్తయ్యాక నేను మా డాక్టరు గారిని అడిగిన మొదటి మాట, మళ్ళీ సైకిలు మీద కొండ ఎక్కొచ్చా అని. "ఎక్కండి, కానీ గుండెని అడిగి ఎక్కండి" అన్నారాయన.

మాది విశాఖపట్నం. పెళ్ళికి ముందు నుంచీ కంబాలకొండ పక్క దారులు, ఆ తర్వాత శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు, కాఫీ తోటల్లో మట్టిబాటలు తొక్కినదాన్ని. చికిత్స అయ్యేసరికి మా ఇంటి మెట్లు ఎక్కితేనే ఆయాసం వచ్చేది. కీమోలో ఎర్రగా ఉండే మందు, డాక్సోరూబిసిన్, కొందరికి గుండె కండరాన్ని బలహీనం చేస్తుంది. నా ఎకో రిపోర్టులో పంపింగ్ 62 శాతం నుంచి 48కి దిగింది. తర్వాత ఎక్కించిన పాక్లిటాక్సెల్‌తో వేళ్ళ కొసలు మొద్దుబారాయి. జాకెట్టు హుక్కులు పెట్టడానికి మా అమ్మాయి రావాల్సి వచ్చేది. ఎడమ చంకలో లింఫు గ్రంథులు తీసేశారు. అవి లేని చేతిలో నీరు సరిగా దిగదు. అలవాటు లేని బరువు ఒక్కసారిగా పడితే చెయ్యి వాచిపోవచ్చు.

మందులతో పంపింగ్ 53కి వచ్చాక, గుండె వేగం నిమిషానికి 130 దాటకుండా తొక్కుకోమన్నారు. బీచ్ రోడ్డు మీద అది కష్టం కాదు. ఎక్కుడు మొదలైతే మాత్రం చూస్తూండగానే 130 దాటిపోతుంది. అందుకని మోటారున్న సైకిలు కొన్నాం. వెనక చక్రం ఇరుసులోనే మోటారు, లావు టైర్లు, పెద్ద బ్యాటరీ. దుకాణంలో బరువు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇంటికి తెచ్చాక మా ఆయన తూకం వేస్తే 25 కిలోలు ఉంది.

చదునులో బాగానే నడిచింది. ఘాటు రోడ్డు మీద దాని గుణం తెలిసింది. ఇరుసులో ఉన్న మోటారుకి మన గేర్లతో సంబంధం లేదు. చక్రం నెమ్మదిగా తిరిగితే అదీ నెమ్మదిగానే తిరగాలి. నిటారు ఎక్కుడులో అలా నెమ్మదిగా తిరుగుతూ బలమంతా పెట్టాల్సి వచ్చినప్పుడు కరెంటులో చాలా భాగం వేడిగా పోతుంది. మలుపు మలుపుకీ ఆపి దాన్ని చల్లారనిచ్చేదాన్ని.

ఒక వానాకాలం, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి, నేను బొర్రా దగ్గర్నుంచి కటికి జలపాతం వైపు వెళ్ళాం. జీపులు పోయే రాళ్ళ దారి అది. ఆ రోజు వానకి జీపులు నడవడం లేదు. తిరిగి పైకి ఎక్కొచ్చేటప్పుడు నీళ్ళు పారుతున్న చోట దాటగానే మోటారు ఆగిపోయింది. మీట నొక్కితే స్క్రీను వెలగలేదు. బ్యాటరీ కనెక్టరులోకి నీళ్ళు వెళ్ళాయని తర్వాత తేలింది. "వానలో తడిస్తే వారంటీ వర్తించదు" అన్నారు అమ్మినవాళ్ళు. మన వూళ్ళలో ఏడాదిలో సగం వానే.

మోటారు ఆగిన ఆ బండి సైకిలుగా పనికిరాదు. తొక్కితే కదలదు, నెట్టితే వెనక్కి జారుతుంది. అమ్మాయి తన సైకిలుని పొద మీద వాల్చి వచ్చి వెనక నుంచి నెట్టేది, నేను హ్యాండిలు పట్టి లాగేదాన్ని. కాసేపటికి తను వెళ్ళి తన సైకిలు తెచ్చుకునేది. ఆ కాసేపూ 25 కిలోలు జారకుండా బ్రేకు పట్టి నిలబడాలి. మొద్దుబారిన వేళ్ళకి బ్రేకు ఎంత నొక్కానో తెలిసేది కాదు. రెండు సార్లు జారి నా మోకాళ్ళ మీదికొచ్చింది. కుడిచెయ్యి అలిసిపోయాక ఎడమచెయ్యి వాడక తప్పలేదు. దారి పక్క చెట్టు పట్టుకుని నిలబడితే గుండె చప్పుడు చెవుల్లో వినిపించింది. వాచీ వైపు చూడ్డానికి భయమేసింది. "అమ్మా, దీన్ని ఇక్కడే వదిలేద్దాం" అని మా అమ్మాయి ఏడ్చింది.

పోడు నుంచి దిగొస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు మమ్మల్ని చూసి తమ గంపలు కింద పెట్టారు. ఒకామె వెనక చక్రం దగ్గర పట్టి ఎత్తి, "ఇంత బరువుది ఎందుకు తెచ్చుకున్నావమ్మా?" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది. రోడ్డు దాకా వాళ్ళే మోశారు. డబ్బులిస్తే తీసుకోలేదు.

రెండు రోజుల్లో ఎడమచెయ్యి ముంజేతి నుంచి మోచేతి పైదాకా వాచింది. గాజులు కోయించాల్సి వచ్చింది. నెలల తరబడి కట్లు, మసాజు, బిగుతు స్లీవు. ఆ రోజుల్లో మా ఫిజియోథెరపిస్టు ఒక సంగతి చెప్పింది. లింఫెడీమా, అంటే ఇలాంటి వాపు, ఉన్నవాళ్ళు ఏ బరువూ ఎత్తకూడదని పూర్వం గట్టిగా చెప్పేవారు. కొద్దికొద్దిగా పెంచుకుంటూ, పర్యవేక్షణలో ఎత్తితే వాపు పెరగదని 2009లో అమెరికాలో వచ్చిన పరిశోధనలో తేలింది. కాబట్టి చెయ్యి వాడటం తప్పు కాదు, సిద్ధంగా లేని చేతి మీద 25 కిలోలు పడటం ప్రమాదం. అరకిలో డంబెల్‌తో మొదలుపెట్టించింది.

అప్పుడే మోటారున్న తేలికైన కొండ సైకిళ్ళ గురించి వెతకడం మొదలెట్టాను. సియాటెల్‌లో ఉన్న మా తమ్ముడు అక్కడి దుకాణాలకి వెళ్ళి ఒక్కొక్కటీ ఎత్తి చూసి ఫోను చేసేవాడు. స్పెషలైజ్డ్ కంపెనీ 2020లో తెచ్చిన లీవో ఎస్‌ఎల్‌లో మోటారు 2 కిలోల లోపే, బ్యాటరీ 320 వాట్ అవర్లు. టీక్యూ అనే జర్మన్ కంపెనీ మోటారు 1.85 కిలోలు, దాని బ్యాటరీ 360. పెద్ద మోటార్లలో సగం బలమే ఇస్తాయి, కానీ తొక్కేవాళ్ళకి అంతకంటే అక్కర్లేదు. "అక్కా, ఒక్కటి కొనేసి తెచ్చేస్తా" అన్నాడు. ధర చిన్న కారంత. అంతకంటే పెద్ద అడ్డంకి, 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికులు విమానంలో తేకూడదు. ఆ నియమం సరైనదే. ఆకాశంలో బ్యాటరీ అంటుకుంటే ఎవరికీ దిక్కుండదు.

ఇక్కడే కట్టించుకోవాలని నిర్ణయించుకున్నాం. మా ఆయన ముందు ఒక లెక్క వేశారు. మనిషి, సైకిలు కలిపి 100 కిలోలు అనుకుని 900 మీటర్ల ఎత్తు ఎక్కించడానికి కావాల్సిన శక్తి దాదాపు 245 వాట్ అవర్లు. సైకిలు 8 కిలోలు తగ్గించినా మిగిలేది 20 వాట్ అవర్లే. అంటే మోటారుకి ఈ బరువు ఒక లెక్క కాదు. అమ్మేవాళ్ళు దాన్ని పట్టించుకోకపోవడానికి కారణం అదే అనుకుంటాను. మోటారు ఆగినప్పుడు, రాయి దాటించాల్సినప్పుడు, మేడ మీదికి ఎక్కించాల్సినప్పుడు ఆ 8 కిలోలూ మనిషి చేతి మీదే పడతాయి.

గాలితో కుదుపులు తగ్గించే ఫోర్కున్న అల్యూమినియం సైకిలు పాతది ఒకటి దొరికింది, 12 కిలోల 400 గ్రాములు. పెడళ్ళ దగ్గర బిగించే టోంగ్‌షెంగ్ మోటారు, 250 వాట్లది, తెప్పించాం. అది 3 కిలోల 600. మన దేశంలో 250 వాట్లలోపు ఉండి, 25 కిలోమీటర్ల వేగం దగ్గర సాయం ఆపేసే సైకిలుకి రిజిస్ట్రేషను అక్కర్లేదు. ఈ మోటారు చైను ద్వారా పనిచేస్తుంది కాబట్టి గేరు తగ్గిస్తే దాని కష్టమూ తగ్గుతుంది. పాదం ఎంత గట్టిగా నొక్కుతున్నదో కొలిచి ఆ మేరకే సాయం చేస్తుంది. గుండె జబ్బున్నవాళ్ళకి ఇది ముఖ్యమైన సంగతి. పెడలు తిరిగితే చాలు ఒకే బలంతో తోసే రకాలు రాళ్ళ మీద మనల్ని విసిరేస్తాయి. దీని లోపల ఒక నైలాను పళ్ళచక్రం ఉంటుంది, ఏకబిగిన బరువు గేరులో ఎక్కితే వేడికి పాడవుతుంది. అందుకని వెనక 46 పళ్ళ చక్రం వేయించాను. కాళ్ళు చకచకా, తేలిగ్గా తిరిగితే మోటారుకీ మంచిదే, నా గుండెకీ మంచిదే.

బ్యాటరీ దగ్గర నలిగిపోయాం. 3500 మిల్లీ యాంపియర్ అవర్ల సెల్లు 30, పదేసి చొప్పున మూడు వరసలు, మొత్తం 378 వాట్ అవర్లు. మొదట కొన్న సెల్లులు పైకి అసలువాటిలాగే ఉన్నాయి. అసలు సెల్లు దాదాపు 48 గ్రాములుండాలి. ఇవి వంటింటి త్రాసు మీద 36 తూగాయి. ఛార్జి చేసి ఖాళీ చేసి చూస్తే చెప్పినదాంట్లో సగం కూడా లేదు. అమ్మినవాడు ఫోను తియ్యడం మానేశాడు. రెండోసారి ప్రతి సెల్లూ తూచి, వోల్టేజి సరిచూసి, ఆటోల బ్యాటరీలు కట్టే కుర్రాడి దగ్గర స్పాట్ వెల్డింగ్ చేయించాం. "మేడం, కనెక్టరు కిందికి కాదు, పక్కకి పెడదాం, నీళ్ళు నిలవవు" అని అతనే సలహా ఇచ్చాడు. రబ్బరు సీలు కూడా వేశాడు. ఒక్క వేలితో పట్టే హైడ్రాలిక్ డిస్కు బ్రేకులకి మాత్రం నేను డబ్బు చూసుకోలేదు. అన్నీ బిగించాక 17 కిలోల 200 గ్రాములు.

డాక్టరు అనుమతి తీసుకుని, చెయ్యి కుదుటపడ్డాక, స్లీవు వేసుకుని మళ్ళీ కటికి దారికే వెళ్ళాను. దిగాక మోటారు ఆపేశాను. రోడ్డు దాకా కొంత తొక్కుతూ, ఎక్కువ భాగం నెట్టుకుంటూ ఒక్కదాన్నే ఎక్కాను. అమ్మాయి వెనకే వచ్చింది, చెయ్యి వెయ్యొద్దని ముందే చెప్పాను. దారిలో చాలాసార్లు ఆగాను. గుండె వేగం 128 దాటలేదు. మర్నాడు పొద్దున్న టేపుతో చెయ్యి కొలిస్తే కొలత మారలేదు.

జబ్బు నుంచి లేచినవాళ్ళు, మోకాళ్ళు అరిగినవాళ్ళు, వయసు మీదపడినవాళ్ళే ఇలాంటి సైకిళ్ళు ఎక్కువ కోరుకుంటారు. అలాంటివాళ్ళకే బరువు చెప్పకుండా అమ్ముతున్నారు. ప్రతి బండి మీదా ధర పక్కన బరువు రాయాలి. మీరు కొనబోతుంటే ముందు మీ డాక్టరుని అడగండి. దుకాణంలో బ్యాటరీ ఆపించి, ఆ సైకిలుని మీ చేత్తో ఒక వరస మెట్లు ఎక్కించి చూడండి. దానికి ఒప్పుకోని దుకాణంలో కొనకండి.