నల్లగుడ్డు మీద పుండు

యాసంగి వడ్లు ఐకేపీ కొనుగోలు సెంటర్‌లో పోసి, తాలు పోవాలని మిషన్ పెట్టి తూర్పార పడుతున్నాం. గాలి మళ్లి ఊకంతా మొహాన కొట్టింది. కుడి కంట్లో ఏదో గుచ్చుకుంది. నీళ్లతో కడుక్కుని, కొంగుతో ఒత్తుకుని మళ్లీ పనిలో పడ్డాను. కాంటా అయ్యేదాకా వడ్ల కుప్ప వదిలి కదలడానికి లేదు.

తెల్లారేసరికి కన్ను ఎర్రబడింది. వెలుతురు చూస్తే నీళ్లు కారుతున్నాయి. ఊళ్లో వైద్యం చేసే ఆయన చుక్కల మందు ఇచ్చాడు. వేసుకోగానే ఎరుపు తగ్గింది, మంట తగ్గింది. నయమవుతోందనే అనుకున్నాం. తర్వాత నల్లగుడ్డు మీద తెల్ల చుక్క లేచింది. అది పెరిగేకొద్దీ పోటు కణతలోకి, తలలోకి పాకింది. పడుకోలేక రాత్రిళ్లు గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని.

హైదరాబాదులో కంటి ఆసుపత్రికి వెళ్తే, డాక్టరమ్మ ముందు ఆ చుక్కల సీసా అడిగారు. అందులో స్టెరాయిడ్ ఉంది. అది ఎరుపునూ వాపునూ అణుస్తుంది గానీ ఫంగస్‌ను చంపదు. పైగా కంటికి ఉన్న ఎదిరించే శక్తిని తగ్గించి పుండుకు బలమిస్తుంది. తిమ్మిరి మందు వేసి పుండును గీకి మైక్రోస్కోపు కింద చూశారు. ఫంగస్ దారాలు కనిపించాయి. ఆకో, ఊకో, ముల్లో తగిలిన రైతుల కళ్లలో ఇది తరచూ చూస్తామని చెప్పారు.

నాటమైసిన్ చుక్కలు గంటగంటకీ, రాత్రీ పగలూ వేయాలన్నారు. మా ఆయన ఫోనులో అలారం పెట్టుకుని లేచేవాడు. తెల్లటి ఆ మందు రెప్పలకు అంటుకుపోయేది. అయినా పుండు లోతుకు దిగి నల్లగుడ్డుకు చిల్లు పడింది. చనిపోయినవాళ్లెవరో దానం చేసిన కంటి పొర కుట్టారు. చూపు కోసం కాదమ్మా, కన్ను దక్కించడానికి అని ముందే చెప్పారు. కన్ను దక్కింది. దానికి ఇప్పుడు వెలుతురూ, చెయ్యి కదలికా మాత్రమే తెలుస్తాయి.

ఆసుపత్రి వరండాలో శుక్లాలవాళ్లు, షుగరుతో కంటి నరాలు దెబ్బతిన్నవాళ్లు, నీటికాసులవాళ్లు నా పక్కనే కూర్చునేవారు. శుక్లాలు తీస్తే చాలామందికి చూపొస్తుంది. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు. 2015–19 జాతీయ సర్వేలో 50 ఏళ్లు దాటినవాళ్ల అంధత్వానికి పెద్ద కారణం శుక్లాలే. 50 లోపువాళ్లలో మాత్రం మొదటి కారణం నల్లగుడ్డు మీది మచ్చలు. అంటే పని చేసి ఇల్లు నడిపే వయసువాళ్ల కళ్లు ఇలా పోతున్నాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది, దీన్ని ఊళ్లోనే ఆపవచ్చని తెలియడం. నేపాల్‌లోని భక్తపూర్‌లో గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, కంటికి గీత పడినవాళ్లకు మూడు రోజులు క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ వేయించారు. ఆ ఫలితాలు 2001లో వచ్చాయి. దెబ్బ తగిలిన 18 గంటల్లోపు మందు పడినవాళ్లలో ఒక్కరికీ పుండు కాలేదు.

మన ఆశా కార్యకర్తలకు ఆ శిక్షణా, ఆ ట్యూబూ ఇవ్వాలి. తూర్పార పట్టేవాళ్లకు కళ్లజోడు ఇవ్వాలి. మందుల షాపుల్లో చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు అమ్మడం ఆపాలి. ఊక పడి కన్ను ఎర్రబడితే మీరు ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. కాంటా సంగతి ఇంట్లో ఇంకొకరు చూసుకుంటారు.