తెల్లెలుకలకో ఇల్లు

పాల్వంచ దాటితే భద్రాచలం రోడ్డుకు పక్కనే కిన్నెరసాని అడవి. ఆ అంచున ఉన్న ఓ ఇంటికి పోయిన వేసవిలో ఇద్దరు అతిథులొచ్చారు. తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు! 2016లో జిల్లా వేరైనా ఆ ఇంటివాళ్ల కొనుగోళ్లకు ఇంకా ఖమ్మమే. అక్కడ రంగుచేపలమ్మే దుకాణం నుంచి అట్టపెట్టెలో తెచ్చాడు ఏడో తరగతి పిల్లాడు.

‘‘ఉన్న ఎలుకలకే బోను పెట్టలేక చస్తుంటే, డబ్బులిచ్చి కొనుక్కొస్తార్రా ఎవరన్నా?’’ అంది నాయనమ్మ. వినాయకుడి వాహనం కదా... మొదటి గుప్పెడు జొన్నలు వేసిందీ ఆవిడే.

మొదట పాత చేపల తొట్టిలో పెట్టారు. రెండ్రోజులకే కంపు. గాజుతొట్టిలో గాలి ఆడదు. మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఎలుకల ఊపిరితిత్తులకు చేటు. పైగా ఇక్కడి ఎండలు నలభై దాటేస్తాయి, వాటికేమో ముప్ఫై దాటితేనే కష్టం. సరేనని చిలక పంజరంలోకి మార్చారు. తెల్లారేసరికి పంజరం ఖాళీ! తల పట్టిన సందులోంచి ఒళ్లంతా జారిపోతుంది మరి. ఒకటి బియ్యం డ్రమ్ము వెనక దొరికింది, రెండోది మంచం కింద.

మూడోసారి నాన్న వెల్డింగ్ షాపుకెళ్లి పావంగుళం కన్నాల జాలీతో గూడు చేయించాడు. అడుగున రేకు ట్రే, అందులో మూడువేళ్ల మందాన కాగితం ముక్కలు, దాక్కోవడానికి బోర్లించిన కొబ్బరిచిప్ప. న్యూస్‌పేపరు వేస్తే సిరా అంటి తెల్లెలుక కాస్తా బూడిదెలుక అవుతోందట. పాత నోటుబుక్కులే నయమని తేల్చారు. పత్రికలవాళ్లు ఏమీ అనుకోకూడదు!

పిల్లాడు ఆ గూటిని తన పరుపు పక్కనే నేలమీద పెట్టుకుని పడుకునేవాడు. వానలు మొదలైన ఓ రాత్రి నాన్న మంచినీళ్లకని లేచి టార్చి వేశాడు. జాలీ చుట్టూ పాము. లోపల రెండూ చిప్ప కింద బిగుసుకుపోయి ఉన్నాయి. పిల్లాడి చెయ్యి జానెడు దూరంలో ఉంది. అది ఏ పామో చూసుకునే ధైర్యం ఎవరికుంటుంది? పిల్లాణ్ని పరుపుతో సహా వెనక్కి లాగాడు. అలికిడికి పాము తలుపు సందులోంచి వెళ్లిపోయింది.

పాము నాలుకతో వాసన పడుతుంది. ఎలుకల వాసన, గూటి చుట్టూ రాలిన గింజలు, వాటికోసం వచ్చే బయటి ఎలుకలు... ఇంకేం కావాలి దానికి? నేలమీద పడుకున్నవాళ్లను కట్లపాము కాటేస్తే చాలాసార్లు నొప్పే తెలియదు. ఊళ్లలో గూడంటే ఎలుక బయటికి పోకుండా. అడవి అంచున మాత్రం ముందు చూసుకోవాల్సింది, దాన్ని వెతుక్కుంటూ ఏం లోపలికొస్తుందోనని.

అమ్మ వాటిని ఇచ్చేయమంది. వాడు రెండ్రోజులు అన్నం ముట్టలేదు. చివరికి రాజీ కుదిరింది. గూడు సామాన్ల గదిలో బల్లమీదకి, గింజలు మూత డబ్బాలోకి, పిల్లాడు దోమతెర కట్టిన మంచంమీదకి. దీపాలవేళ రాలిన గింజలు ఊడ్చేది వాడు. తలుపు కింద సందులో పాతచీర కుక్కేది నాయనమ్మ. కుక్కాక ఒకసారి కాలితో నొక్కి చూస్తుంది.