పోపు ఘాటూ, పక్కింటి వదినగారూ

మా వంటింట్లో ఎండుమిరపకాయల పోపు పడిందంటే గోడవతల వదినగారికి తుమ్ములే. ఒక్కటి కాదు, వరసగా నాలుగు. కిందటి ఆదివారం పోపు చిటపటలాడాక గానీ ఇంట్లో కరివేపాకు లేదని నాకు గుర్తు రాలేదు. వాళ్ళ చెట్టుది నాలుగు రెబ్బలు తుంచుకుందామని దొడ్డిగోడ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ తడిబట్టల బకెట్టు కింద పెట్టేసి, కాలు మీద కాలు మెలేసుకుని, గోడ పట్టుకు నిలబడి ఉన్నారు. తుమ్ములు అయిపోయాయి. మనిషి మాత్రం కదలడంలేదు.

“నడుం పట్టేసిందా వదినగారూ?”

“నడుమూ లేదు గిడుమూ లేదు.” అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “తుమ్మితే నాకు ఆగదే. మా రెండోవాడు పుట్టినప్పట్నించీ అంతే. మామూలేగా!”

ఆ రెండోవాడికి ఇప్పుడు ముప్ఫై ఒకటి. పెళ్ళిళ్ళకు ఈవిడ ముదురురంగు చీరలే ఎందుకు కడతారో, బస్సెక్కే రోజు పొద్దుట్నించీ మంచినీళ్ళెందుకు ముట్టరో నాకు అప్పుడు వెలిగింది. పద్దెనిమిదేళ్ళుగా పక్కపక్కనే ఉన్నాం. పంచదార, పెరుగు తోడు, అల్లుడి మీద చాడీలు అన్నీ ఈ గోడ దాటాయి. ఇదొక్కటే దాటలేదు.

ఆ ‘మామూలే’ అన్న మాటతోనే నాకు పేచీ. కాన్పయినవాళ్ళలో ముగ్గురిలో ఒకరికి ఎంతో కొంత ఈ బాధ ఉంటుందన్నది నిజమే. దోమలూ అందరిళ్ళలో ఉంటాయి, అలాగని తెర కట్టుకోవడం మానేస్తామా?

నాకేదో పెద్ద తెలుసని కాదు. రెండేళ్ళ కిందట మోకాలి నొప్పికి ఫిజియోథెరపీకి వెళ్తే, అక్కడి థెరపిస్టు పిల్ల మాటల్లో మాటగా, “దగ్గినప్పుడు ఇబ్బందేమైనా ఉంటుందా అమ్మా?” అంది. తలొంచుకుని ఉందన్నాను. అదే మొదటిసారి నన్నొకరు అడగడం. మూడు కాన్పులు చూసిన ఏ డాక్టరమ్మా అడగలేదు, నేనూ చెప్పలేదు.

“అసలెందుకొస్తుందంటావ్?” అన్నారు వదినగారు బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుంటూ.

మీ నాన్నగారి నులకమంచం గుర్తుందా, అన్నాను. కొత్తలో తబలాలా బిగువుగా ఉంటుంది. నలుగురు కూర్చోగా కూర్చోగా నడిమికి జారుతుంది. మన కటి ఎముకల మధ్య కింద అలాగే కండరాల అల్లిక ఒకటుంది. ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా పరుచుకుని మూత్రసంచినీ, గర్భసంచినీ, మలాశయాన్నీ మోస్తుంది. పెల్విక్ ఫ్లోర్ అంటారు. తొమ్మిది నెలలూ బిడ్డ బరువు దానిమీదే. పైగా కడుపుతో ఉన్నప్పటి హార్మోన్లు దాన్ని మెత్తబరుస్తాయి. ఆఖర్న బిడ్డ తల దాన్ని సాగదీసుకునే బయటికి వస్తుంది. తుమ్మితే పొట్టలో ఒత్తిడంతా ఒక్కసారి కిందకి దిగుతుంది, అల్లిక వదులైతే మూత్రం చుక్క ఆగదు. మంచం వదులైతే కాళ్ళవైపు తాడు లాగి బిగించుకోమూ? దీన్నీ అలాగే బిగించుకోవచ్చు.

ఆ బిగింపునే 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు వ్యాసంగా రాశాడు. అందుకే కెగెల్ వ్యాయామం అంటారు.

“కేజీలా? ఈ వయసులో ఎన్ని కేజీలెత్తాలే?” అన్నారు వదినగారు. నవ్వి నవ్వి మళ్ళీ కాలు మెలేసుకున్నారు పాపం.

ఎత్తేదేమీ లేదు. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాసు వస్తే బిగపట్టుకుంటామే, అదీ పట్టు. ఆ పట్టునే మూత్రం దారివైపూ కలిపి, లోపలికీ పైకీ లాగాలి. అయిదు లెక్కపెట్టేదాకా పట్టి పూర్తిగా వదిలెయ్యాలి. పట్టడమెంతో వదలడమూ అంతే. అలవాటయ్యాక పది లెక్కదాకా వెళ్ళొచ్చు. విడతకి పదిసార్లు, రోజుకు మూడు విడతలు. పొట్ట బిగించకూడదు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి అసలు బిగబట్టకూడదు. కొందరు మూత్రానికి వెళ్ళినప్పుడు మధ్యలో ఆపి సాధన చేస్తారు, అది అలవాటు చేసుకోకూడదట. ఇంకో చిట్కా ఉంది, నాకు బాగా పనికొచ్చింది. తుమ్ము వస్తోందని ముక్కు చెప్పగానే ముందే ఆ పట్టు పట్టెయ్యాలి. మూడు నెలలు విడవకుండా చేస్తే గానీ తేడా కనపడదు. నేను వారానికే విసుక్కుని మానేశాను, ఆ థెరపిస్టు పిల్ల చేత చీవాట్లు తిని మళ్ళీ మొదలెట్టాను.

ఇంతలో వాళ్ళమ్మాయి లోపల్నించి వచ్చింది. ఎనిమిదో నెల, సీమంతం అయ్యాక పురిటికి తీసుకొచ్చారు. గుమ్మంలో నిలబడి అంతా విన్నట్టుంది. “అత్తయ్యా, నాకూ దగ్గితే పడుతోంది. అమ్మకి చెప్పడానికి సిగ్గేసింది,” అంది. వదినగారు కూతురి వంక చూసిన చూపు నేను మర్చిపోలేను.

కడుపుతో ఉన్నప్పుడే మొదలెడితే ఆఖరి నెలల్లోనూ కాన్పయిన కొత్తలోనూ ఈ బాధ తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి, కాబట్టి ఆ పిల్లకి ఇవాళే మంచిరోజు. 34 వారాలు దాటాక శుభ్రమైన చేతుల్తో నూనె రాసి కిందిభాగాన్ని మెల్లగా మర్దన చేసుకుంటే, ముఖ్యంగా తొలిచూలు వాళ్ళకి, చిరుగులు, కుట్లు తగ్గే అవకాశం ఉంది. తన డాక్టరమ్మని ఒక మాట అడిగి చెయ్యమన్నాను. “సిజేరియన్ అయితే ఇవేవీ ఉండవుగా అత్తయ్యా?” అంది. మన దగ్గర ఇది అందరూ అనే మాటే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో నూటికి అరవై, ఆంధ్రలో నలభై రెండు సిజేరియన్లే. ఈ ఒక్క బాధ దానివల్ల కొంత తగ్గుతుంది, కాదనను. కానీ తొమ్మిది నెలల మోత ఎక్కడికి పోతుంది? పొట్ట మీద కోతకి దాని బాధలు దానికున్నాయి.

తరవాత పథ్యం దగ్గర మాకు యుద్ధమైంది. వదినగారు అప్పుడే శొంఠి, పిప్పళ్ళు తెప్పించి కాయానికి సిద్ధంగా ఉన్నారు. కాయం పెట్టండి, నేను వద్దన్నానా? బాలింతకి నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదంటారే, అది మాత్రం వద్దు. నీళ్ళు లేక, కూరానారా లేక ఉత్త కారప్పొడి అన్నం తింటే విరేచనం బిగుసుకుంటుంది. కుట్ల మీద ముక్కితే ఆ అల్లికకి అంతకన్నా చేటు లేదు. నడుంకట్టు కట్టినా ఊపిరాడేలా కట్టండి. పొట్ట చుట్టూ బిగించి కడితే ఆ ఒత్తిడి కిందకే దిగుతుంది.

“మా అమ్మ నాకు అలాగే చేసింది,” అన్నారు వదినగారు.

“అందుకేగా కాలు మెలేసుకుంటున్నావు,” అంది కూతురు. నేను కరివేపాకు వైపు చూశాను.

ఇంకోటి కూడా ఆ పిల్లకి వినపడేలా చెప్పాను. కాన్పయ్యాక ఊరికే ఏడుపొస్తుంది. సాధారణంగా రెండు వారాల్లోపు సర్దుకుంటుంది. అది దాటినా దిగులు వదలకపోతే దిష్టి తీసి ఊరుకోవద్దు, డాక్టరు దగ్గరికి పదమనాలి.

“మా ఆడపడుచు గర్భసంచి తీయించేసుకుంది. గొడవ వదిలింది,” అన్నారు వదినగారు ఉన్నట్టుండి.

“ఆగుతోందా ఇప్పుడు?”

కాసేపు ఆలోచించారు. “ఆగదు. ఊరెళ్తే ప్యాడు పెట్టుకునే వెళ్తుంది.”

మరి! కారేది మూత్రసంచి, కోసేది గర్భసంచి. 2015-16 సర్వేలో దేశం మొత్తమ్మీద 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు నూటికి ముగ్గురైతే, ఆంధ్రలో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. అందులో అవసరమైనవీ ఉంటాయి. కానీ గర్భసంచి కొద్దిగా జారితే కసరత్తు ఉంది, లోపల పెట్టే రింగు ఉంది. అవి అడక్కుండానే ఆపరేషన్ బల్ల ఎక్కెయ్యడమేమిటి?

వదినగారు లేచి బట్టలు ఆరేస్తూ, నావైపు తిరక్కుండానే, “కింద ఏదో బరువు దిగినట్టుంటోందే, సాయంత్రానికి మరీను,” అన్నారు. మూడో చీర దులుపుతుండగా గానీ ఆ అసలు మాట రాలేదు. అది కసరత్తుతో సరిపెట్టుకునే సంగతి కాదు, ముందు చూపించుకోవాలన్నాను.

“గురువారం అమ్మాయిని చూపించడానికి వెళ్తున్నాం. నువ్వూ రా.”

“వస్తాను. మీరూ చూపించుకుంటారా?”

“చూపించుకుంటాను. కానీ లోపలికి నేనొక్కదాన్నే వెళ్తాను. నువ్వు బయట మా ఆయనతో కబుర్లు చెబుతూ కూర్చో, ఎందుకెళ్ళానో ఆయన అడక్కుండా.”

నా పోపు ఎప్పుడో మాడిపోయింది.