అడగడం కూడా సత్కారమే

కళాకారుణ్ణి గౌరవించడానికి మనకు ఒక పద్ధతి ఉంది. వేదిక మీద కూర్చోబెడతాం, దండ వేస్తాం, శాలువా కప్పుతాం, జ్ఞాపిక చేతికిస్తాం. నలుగురైదుగురు వక్తలు ఆయన గొప్పతనాన్ని చెబుతారు. చివర్లో, ప్రేక్షకులు ఆఖరి బస్సు గురించి ఆలోచిస్తున్న వేళకి, ఆయనకి మైకు అందుతుంది. నమస్కారం పెట్టి, కృతజ్ఞతలు చెప్పి కూర్చుంటాడు. జీవితమంతా మృదంగం వాయించిన మనిషి ఆ సాయంత్రం మృదంగం గురించి ఒక్క ముక్కయినా చెప్పకుండానే ఇంటికి వెళ్లిపోతాడు. ఆ సభలో ప్రేమ ఉంది, మర్యాద ఉంది. ఆయన్ని అడిగినవాళ్లు మాత్రం లేరు.

ఒక మనిషి పని గురించి ముందే తెలుసుకుని వచ్చి, ఎదురుగా కూర్చుని, ఓపిగ్గా అడగడం కూడా సత్కారమే. ఈ మాట నాకు బలంగా నాటుకున్నది స్టడ్స్ టెర్కెల్ రేడియో సంభాషణలు విన్నాకే. షికాగో నగరంలో డబ్ల్యుఎఫ్‌ఎమ్‌టి అని ఒక ఎఫ్.ఎం. స్టేషను ఉంది. 1952 నుంచి 1997 దాకా, నలభై అయిదేళ్లపాటు, అందులో వారానికి అయిదు రోజులు, రోజూ ఓ గంట, ఆయన మనుషుల చేత మాట్లాడించాడు. పాడేవాళ్లు, రాసేవాళ్లు, నటులు, నాట్యకారులు, పోరాటాలు చేసేవాళ్లు, మామూలు కూలిపనివాళ్లు అందరూ ఆ మైకు ముందుకి వచ్చారు. 5,600కు పైబడిన ఆ కార్యక్రమాలను షికాగో హిస్టరీ మ్యూజియం కాపాడింది. 2018 నుంచి వాటిలో చాలావాటిని ఇంటర్నెట్‌లో ఎవరైనా వినవచ్చు. హైదరాబాదులో నా వంటింట్లో కూర తరుగుతూ నేను వినేవి అవే.

టెర్కెల్ 1912లో న్యూయార్క్‌లో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం షికాగోకి వచ్చి, అద్దె గదుల హోటలు నడిపింది. పనికి పోయివచ్చేవాళ్లు, పని దొరకనివాళ్లు, యూనియన్ మనుషులు ఆ హోటల్ లాబీలో చేరి గంటల తరబడి వాదించుకునేవాళ్లు. కుర్రవాడు ఒక మూల కూర్చుని వినేవాడు. ఆ చుట్టుపక్కలే బగ్‌హౌస్ స్క్వేర్ అని పిలుచుకునే పార్కు ఉండేది. ఎవరైనా సరే అక్కడ ఓ పెట్టె ఎక్కి నిలబడి, లోకం గురించి తనకి తోచింది చెప్పవచ్చు. అదీ ఆయన బడి. 1934లో లా పట్టా పుచ్చుకున్నాడు గాని నల్లకోటు వేసుకోలేదు. రేడియో నాటకాల్లో రౌడీ వేషాలు వేశాడు. తర్వాత జానపదాలు, జాజ్, బ్లూస్, ఒపేరా రికార్డులు వినిపించే కార్యక్రమం నడిపాడు. మహేలియా జాక్సన్ గొంతు నల్లవాళ్ల చర్చిల్లోనే మార్మోగుతున్న రోజుల్లో, ఆమె రికార్డులను తెల్లవాళ్ల ఇళ్లలోకి కూడా పంపింది ఆ కార్యక్రమం.

టెలివిజన్ కొత్తగా వచ్చినప్పుడు అందులోనూ ఆయనకి మంచి పేరొచ్చింది. అంతలో అమెరికాలో కమ్యూనిస్టుల వేట మొదలైంది. జాతివివక్షకు వ్యతిరేకంగా ఆయన సంతకాలు చేసిన వినతిపత్రాలను బయటికి తీశారు. తెలియక చేశానని ఒక్క మాట అంటే చాలన్నారు. ఆయన అననన్నాడు. కార్యక్రమం పోయింది. పని లేక ఇంట్లో ఉన్న రోజుల్లో ఓసారి రేడియో తిప్పుతుంటే జానపద గాయకుడు వుడీ గత్రీ పాట వినబడింది. ఇలాంటి పాటలు వేసే స్టేషను ఏదబ్బా అని ఆరా తీసి ఫోన్ చేశాడు. అదే డబ్ల్యుఎఫ్‌ఎమ్‌టి. ఒక భార్యాభర్తలు అంతకుముందు డిసెంబరులోనే మొదలుపెట్టిన చిన్న స్టేషను అది. ఆయన అక్కడ చేరాడు, నలభై అయిదేళ్లు ఉండిపోయాడు.

ఆయన ఎలా అడిగేవాడో చెప్పాలి. రచయిత వస్తున్నాడంటే, ఆ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవాడు. అట్ట మీది నాలుగు ముక్కలతో సరిపెట్టుకోలేదు. పేజీ నిండా గీతలు, అంచుల్లో రాతలు. అలా నలిగిపోయిన తన పుస్తకాన్ని ఆయన చేతిలో చూసి రచయితలే ఆశ్చర్యపోయేవాళ్లు. మధ్యలో ఆ పుస్తకంలోంచి ఓ పేరా తనే చదివి వినిపించి, ఇక్కడ ఈ మాట ఎందుకు పడింది అని అడిగేవాడు. సంగీతం వాళ్లయితే మాట మధ్యలో రికార్డు పెట్టేవాడు. విన్న వెంటనే అడగడం వల్ల కళాకారుడికి తన పని మళ్లీ కళ్లెదుట నిలిచేది. ‘మీ ప్రేరణ ఎవరు’, ‘మీ సందేశం ఏమిటి’ లాంటి ప్రశ్నలు ఎవరినైనా అడగవచ్చు. ఆ ఒక్క మనిషిని మాత్రమే అడగదగ్గ ప్రశ్న దొరకాలంటే చదువుకుని రావాలి.

1963లో ఆ స్టూడియోకి బాబ్ డిలన్ వచ్చాడు. అప్పటికి ఇరవై ఒక్కేళ్లవాడు. రెండో ఆల్బం ఇంకా బజారులోకి రాలేదు. నోబెల్ బహుమతి యాభై మూడేళ్ల దూరంలో ఉంది. ఆ కుర్రవాడి పాటలో కురవబోతున్న పెద్ద వాన ఒకటి వస్తుంది. అణుపరీక్షల భయం ఊపేస్తున్న కాలం గనక, అది అణువానే అన్నట్టు మాట్లాడాడు టెర్కెల్. కాదు, అది అణువాన కాదని డిలన్ తేల్చేశాడు. టెర్కెల్ తన అర్థాన్ని పట్టుకుని వేలాడలేదు, ఆ దిద్దుబాటును టేపులోంచి కోసి పారేయనూ లేదు. కుర్రవాడు చెప్పిందే గాలిలోకి వెళ్లింది. వినేవాళ్లకి ఆ పాట ఆ రోజు ఇంకాస్త పెద్దదైంది. తనకన్నా చిన్నవాడి చేత దిద్దించుకోవడానికి ఒప్పుకున్నవాడికే కళాకారుడు మనసు విప్పుతాడు.

మార్టిన్ లూథర్ కింగ్‌తో ఆయన మాట్లాడింది 1964లో, మహేలియా జాక్సన్ ఇంట్లో, ఆవిడ పడకగదిలో. లోరెయిన్ హాన్స్‌బెర్రీ నాటకం న్యూయార్క్‌లో ఆడుతున్న 1959లోనే ఆమె గొంతు రికార్డు చేశాడు. ఆమె షికాగో ఆడపడుచే. ఇలాంటి పెద్దపేర్లు ఎన్నయినా చెప్పవచ్చు గాని, నన్ను కదిలించింది పేరు తెలియని ఒక తల్లి కథ. టెర్కెల్ స్వయంగా పదేపదే చెప్పుకున్న సంగతి ఇది. పేదల కోసం ప్రభుత్వం కట్టిన ఇళ్లలో ఆమె ఉండేది. టేప్‌రికార్డర్లు అప్పటికి అందరికీ కొత్త. ఆమె మాట్లాడింది, ఆయన రికార్డు చేశాడు. చుట్టూ గెంతుతున్న పిల్లలు అమ్మ గొంతు వినిపించమని మారాం చేశారు. టేపు వెనక్కి తిప్పి పెట్టాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నది. నా లోపల ఇలాంటి ఆలోచనలున్నాయని నాకే తెలియదే అన్నది.

కళాకారుల గురించిన మాటల్లో ఆమెకేం పని అని అడిగేవాళ్లుంటారు. నా ఉద్దేశంలో అసలు పని ఆమెదే. తన మాట తనకి వినబడిన క్షణం నుంచే మనిషికి చెప్పుకోవడం వస్తుంది. పాటా కథా అక్కడే పుడతాయి. 1974లో టెర్కెల్ ‘వర్కింగ్’ అని ఒక పుస్తకం తెచ్చాడు. రకరకాల పనులు చేసేవాళ్లు తమ పని గురించి చెప్పుకున్న మాటలే అందులో ఉన్నాయి. హోటల్లో వడ్డించే ఒకావిడ అందులో కనిపిస్తుంది. పళ్లెం బల్ల మీద పెడితే చప్పుడు కాకూడదు, గ్లాసు ఎత్తే తీరు సరిగ్గా ఉండాలి అని తన పనితనాన్ని ఎంతో శ్రద్ధగా చెబుతుంది. చదువుతుంటే నట్టువాంగం చెప్పే గురువు పాదం పడవలసిన చోటు గురించి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఆమెలో ఉన్న కళ అడిగితేనే బయటికి వచ్చింది.

ఇదంతా సాగడానికి మూలం ‘రోజూ’ అన్న నియమం. ఏడాదికోసారి జరిగే ఉత్సవానికి పెద్దవాళ్లను పిలిస్తే సరిపోతుంది. వారానికోసారయితే పేరున్నవాళ్లతో బండి నడుస్తుంది. వారానికి అయిదు రోజులంటే ఏడాదికి దాదాపు రెండున్నర వందల గంటలు. అంతమంది ప్రముఖులు ఏ ఊళ్లోనూ ఉండరు. కాబట్టి తలుపు తెరవక తప్పదు. మొదటి కవితాసంపుటి వేసుకున్న అమ్మాయి, నాటకానికి తెరలు కట్టేవాడు, ఇంకో భాషలోంచి కథలు తెచ్చే అనువాదకురాలు, పగలు కూలికెళ్లి రాత్రి బ్లూస్ పాడేవాడు లోపలికి వస్తారు. అలా కొన్నేళ్లు గడిచేసరికి, తమలో ఎవరెవరున్నారో ఊరికి తెలుస్తుంది.

మనకి పాడే రేడియో, నాటకం వేసే రేడియో గొప్పగా దక్కాయి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, బుచ్చిబాబు, ఓలేటి వెంకటేశ్వర్లు వంటివాళ్లు అక్కడ పనిచేశారు. నిజాం కాలపు డెక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి హైదరాబాదు కేంద్రమైంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి, దాశరథి, స్థానం నరసింహారావు అక్కడ ఉన్నారు. కళాకారులే ఉద్యోగులై నడిపిన రేడియో మనది. ఇవాళ ప్రైవేటు ఎఫ్.ఎం.లు పెడితే ఎక్కువగా వినబడేవి సినిమా పాటలు, సరదా కబుర్లు. అవి ఉండాలి, నేనూ వింటాను. వాటి పక్కన ఊరి కళాకారులతో రోజూ నిదానంగా మాట్లాడే ఒక గంట ఉండాలన్నదే నా కోరిక.

ఆ గంటలో ఎవరిని పిలవాలో నేను ఆలోచించుకున్నాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటకసమాజం వారసులు హైదరాబాదులో శేరిలింగంపల్లిలో ఉన్నారు. వాళ్ల నాటకంలో పాత్రలు గాల్లోంచి దిగుతాయి. తీగ పట్టుకుని తెరవెనక నిలబడే మనిషిని ముందు పిలవాలి. బరువు ఎలా అంచనా వేస్తారు, ఏ పద్యం దగ్గర వదలాలో ఎవరు నేర్పారు, చెయ్యి ఎప్పుడైనా వణికిందా అని అడగాలి. చేర్యాల నకాషీ చిత్రకారుణ్ణి పిలిచి, చింతగింజల జిగురు ఎంత సేపు ఉడికితే గుడ్డకి సరిగ్గా పడుతుందో చెప్పించాలి. బొమ్మల పటం విప్పి కథ చెప్పేవాళ్లు తగ్గాక, అదే బొమ్మ గోడ మీది అలంకారానికి సరిపోయేలా చిన్నదయ్యాక, ఆయన కుంచె ఏం పోగొట్టుకుందో అడగాలి. దర్గాలో ఖవ్వాలీ పాడేవాళ్లను, రవీంద్రభారతిలో నాటకాలకి లైట్లు వేసేవాళ్లను, వీణకు మెట్లు కట్టేవాళ్లను పిలవాలి. ఒక్కొక్కరి దగ్గర గంటకి సరిపడా కాదు, పది గంటలకి సరిపడా సంగతులున్నాయి.

దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. స్టూడియోలు ఉన్నాయి, మైకులు ఉన్నాయి. ఖర్చు పెట్టవలసినవి రెండే. మొదటిది అడిగే మనిషి చదువుకునే వేళకి కూడా జీతం ఇవ్వడం. పుస్తకం పూర్తిగా చదవడానికి, నాటకం ముందురోజే చూసి రావడానికి పట్టే సమయం కూడా ఆ ఉద్యోగంలో భాగమే. రెండోది రికార్డు చేసినదాన్ని దాచడం. టెర్కెల్ మాట్లాడించినవాళ్లు ఇవాళ నాకు వినబడుతున్నారంటే, నలభై అయిదేళ్ల టేపులను చెరిపెయ్యకుండా ఉంచినవాళ్ల పుణ్యమే. ఈ రెండింటికీ సిద్ధపడ్డ స్టేషను ఏదైనా సరే, హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా, విశాఖలోనైనా, వచ్చే సోమవారమే మొదలుపెట్టవచ్చు. చెప్పవలసినవాళ్లకు మన ఊళ్లలో కొదవ లేదు.