బిష్టుపూర్ మేడమీద పటాల సర్వర్

జంషెడ్‌పూర్ బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఎక్కడని అడిగితే ఆటోవాళ్లు ఇట్టే చెబుతారు. నేను వెతుకుతున్న ఆఫీసు సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. దానికి బోర్డు లేదు. కింద స్టీలు సామాన్ల కొట్టు, పక్కన ఇరుకు మెట్లు, పైన రెండు గదులు. నీళ్ల పైపులు, మురుగు కాలవలు, వీధి దీపాలు, ఇళ్ల హద్దులు ఎక్కడెక్కడున్నాయో సర్వే వాళ్లు కొలిచి తెస్తే, వాటిని బ్రౌజర్‌లో కనిపించే పటాలుగా మార్చడం ఇక్కడి పని.

నడిపే కుర్రాడిది పలాస వైపు నుంచి ఉక్కు కార్ఖానాలో కొలువుకొచ్చిన కుటుంబం. ఇతను మూడో తరం. బళ్లో చదివింది హిందీ, ఇంగ్లీషు. తెలుగంతా నాయనమ్మ దగ్గర విన్నదే, అందుకని యాభై ఏళ్ల కిందటి సిక్కోలు యాస చెక్కుచెదరకుండా ఉంది. పేరు రాయొద్దన్నాడు. "ఏటుంది బాబాయ్ ఇందులో సూడ్డానికి? అన్నీ అక్షరాలే" అంటూనే కుర్చీ జరిపాడు.

వాళ్లు వాడేది జియోసర్వర్. 2001లో న్యూయార్క్‌లోని ఓపెన్ ప్లానింగ్ ప్రాజెక్ట్ అనే సంస్థలో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. అంతకుముందే, 1990లలో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మ్యాప్‌సర్వర్ పుట్టింది. రెండూ చేసే పని ఒకటే. కొలతలు డేటాబేస్‌లో ఉంటాయి. ఫలానా చోటునుంచి ఫలానా చోటుదాకా, ఫలానా లేయర్లు, ఇంత సైజులో కావాలని బ్రౌజర్ అడుగుతుంది. సర్వర్ అప్పటికప్పుడు బొమ్మ గీసి పంపుతుంది. ఆ అడగడానికి 2000లో డబ్ల్యుఎంఎస్ అనే ప్రమాణం వచ్చింది కాబట్టి, హైదరాబాద్ ఎన్ఆర్ఎస్‌సీ వాళ్ల భువన్ పటాన్నయినా, ఈ మేడమీది పటాన్నయినా ఒకే తీరున అడగొచ్చు.

చిక్కంతా సర్వర్‌కు ముందుగా చెప్పి పెట్టడంలో ఉంది. ఒక లేయర్‌ను చేత్తో ఎలా ఎక్కిస్తారో చూపించమన్నాను. లాగిన్ అయ్యాడు. లేయర్లు ఉండే వర్క్‌స్పేస్ ఎంచుకున్నాడు. డేటాబేస్‌కు దారి, అంటే స్టోర్, చూపించాడు. టేబుల్ పట్టుకున్నాడు. కోఆర్డినేట్ పద్ధతి టైపు చేశాడు, హద్దులు లెక్కగట్టమని నొక్కాడు, ఇంకో ట్యాబ్‌కి వెళ్లి రంగుల స్టైల్ తగిలించాడు, సేవ్ చేశాడు. ఒక కాలవకు ఇంత తతంగం. ఒక కాంట్రాక్టులో లేయర్లు పదుల్లో ఉంటాయి. పైగా సర్వర్లు రెండు, పరీక్షకొకటి, జనం చూసేదొకటి. ఇక్కడ నొక్కినవన్నీ మళ్లీ అక్కడా నొక్కాలి. ఎక్కడో ఒకచోట చెయ్యి తప్పుతుంది. అలా ఒకసారి మురుగు కాలవలు మంచినీళ్ల నీలం రంగులో ప్రత్యక్షమయ్యాయట.

ఇప్పుడు వాళ్లు ఆ పేజీలు తెరవడం మానేశారు. జియోసర్వర్ అడ్రసు చివర రెస్ట్ అని చేరిస్తే ఇంకో గుమ్మం వస్తుంది. అక్కడ బటన్లుండవు. చిన్న ఎక్స్ఎంఎల్ ముక్కలో వర్క్‌స్పేస్ పేరు రాసి పంపితే, సర్వర్ దాన్ని తయారుచేసి 201, అంటే తయారైందని, జవాబిస్తుంది. గెట్ అంటే ఉన్నది చూపిస్తుంది, పుట్ అంటే మారుస్తుంది, డిలీట్ అంటే తీసేస్తుంది. డిలీట్‌కు రికర్స్ అని తోక తగిలిస్తే వర్క్‌స్పేస్‌తో పాటు అందులో ఉన్న స్టోర్లూ లేయర్లూ కూడా పోతాయి. అది చెప్పేటప్పుడు కుర్రాడు కీబోర్డు మీదనుంచి చేతులు తీసేశాడు.

వరుస తప్పకూడదు. వర్క్‌స్పేస్ లేనిదే స్టోర్ పుట్టదు, స్టోర్ లేనిదే లేయర్ పుట్టదు. స్టైల్‌ను ముందు ఎక్కించాకే లేయర్‌కు తగిలించాలి. ఈ వరుసంతా పైథాన్‌లో రాసిన చిన్న స్క్రిప్టులో ఉంది. స్క్రిప్టు చదివేది మాత్రం మామూలు పట్టిక, మనం ఎక్సెల్‌లో వేసుకునేలాంటిదే. లేయర్ పేరు, డేటాబేస్ టేబుల్, స్టైల్, కోఆర్డినేట్ పద్ధతి, ఎవరు చూడొచ్చు. ఒక్కో లేయర్‌కు ఒక్కో వరుస.

పని ఎంత తొందరగా అవుతోందో చూపించాలని అతని ఉబలాటం. నాకు ఆ పట్టిక మీదే కన్ను పడింది. ఇదివరకు సర్వర్ సెట్టింగులన్నీ పెళ్లి వంటవాడి కొలతల్లా ఒక్క మనిషి చేతి అలవాటులో ఉండేవి. ఆ మనిషి ఉద్యోగం మారితే సంగతులు కూడా వెళ్లిపోయేవి. ఇప్పుడు ఏ గడి ఎవరు మార్చారో, ఏ రోజున, ఎందుకో మార్పుల చరిత్ర దాచే గిట్‌లో నమోదవుతోంది. సర్వర్ పాడైనా, డేటాబేస్ ఉంటే చాలు, ఆ పట్టికతో కొత్తది నిలబెట్టొచ్చు. తొందర సంగతి అటుంచండి, ఆటోమేషన్ వల్ల ఆ ఆఫీసుకు దక్కిన అసలు లాభం ఈ రాతే అనిపించింది.

కోఆర్డినేట్ గడిని చిన్నచూపు చూడకూడదు. జంషెడ్‌పూర్ యూటీఎం 45వ జోన్‌లో పడుతుంది. దాని కోడ్ 32645. సర్వే ఫైలులో ఆ సమాచారం లేకపోతే సర్వర్ ఊహించలేదు, పట్టికే చెప్పాలి. ఇంకో తిరకాసు కూడా ఉంది. అక్షాంశ రేఖాంశాల్లో అడిగేటప్పుడు డబ్ల్యుఎంఎస్ పాత 1.1.1 వెర్షన్ రేఖాంశం ముందు చెప్పమంటుంది, 1.3.0 అక్షాంశం ముందు చెప్పమంటుంది. ఊరేమో దాదాపు 22.8 ఉత్తరం, 86.2 తూర్పు. తిరగేస్తే బిష్టుపూర్ బజారు స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. "మా ఊరి ఎండలకి ఒకపాలి అక్కడికెళ్లినా మంచిదే" అన్నాడు కుర్రాడు.

తాళాల సంగతి అడిగాను. కొత్తగా పెట్టిన జియోసర్వర్ యూజర్ పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ జియోసర్వర్. ఇది లోకమంతటికీ తెలుసు, అయినా మార్చని వాళ్లుంటారు. 2024 జూలైలో బయటపడ్డ లోపం ఇంకా పెద్దది. లాగిన్ కాకుండానే, మామూలుగా పటం అడిగే అభ్యర్థనల దారిలోనే బయటివాడు సర్వర్ మీద తన ప్రోగ్రామ్ నడిపించగలిగేవాడు. దిద్దిన వెర్షన్లు వచ్చాయి, వేసుకోని సర్వర్ల మీద దాడులూ జరిగాయి. వీళ్లు రెస్ట్ గుమ్మాన్ని ఆఫీసు నెట్‌వర్క్ దాటి బయటికి కనపడనివ్వరు.

గోడ మీది ఊరి పటం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఇంత తరచుగా కాగితం మీద గీయించుకున్న ఊళ్లు మన దేశంలో తక్కువ. సాక్చిలో టాటాల ఉక్కు కార్ఖానా పనులు 1908లో మొదలయ్యాయి, 1912లో ఉక్కు వచ్చింది. తొలి ప్లాను పిట్స్‌బర్గ్‌కు చెందిన జూలియన్ కెన్నెడీ వాళ్లది. సాక్చికి జంషెడ్‌పూర్ అనే పేరు 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ పెట్టాడు. ఆ రోజుల్లోనే ఎఫ్.సి. టెంపుల్ అనే శానిటరీ ఇంజనీరు నేల వాలునూ వాగుల దారినీ పట్టుకుని ఊరిని పెంచాడు. 1936 ప్రాంతంలో స్టోక్స్, 1940ల నడుమ ఒట్టో కోనిగ్స్‌బెర్గర్ కొత్త ప్లాన్లు గీశారు. నాజీల జర్మనీ వదిలి వచ్చి మైసూరు సంస్థానంలో పనిచేసిన ఈ కోనిగ్స్‌బెర్గరే తర్వాత భువనేశ్వర్‌కూ ప్లాను గీశాడు. టెంపుల్ గురించి చెప్పగానే కుర్రాడు కాంటూర్ లేయర్ మీద వాగుల లేయర్ పెట్టి చూపించాడు.

అయితే ఈ ప్లాన్లలో వేటిలోనూ చోటు దొరకని ఊరు కూడా ఒకటుంది. కార్ఖానాల్లో, ఇళ్లలో పనిచేసే జనం కట్టుకున్న బస్తీలు. 86 బస్తీలు అంటే ఇక్కడ అందరికీ తెలిసిన మాట. 2005లో ఊరి నేల మీద టాటాల లీజు పునరుద్ధరించినప్పుడు ఆ నేలను లీజులోంచి మినహాయించారు. యాజమాన్య హక్కులు మాత్రం ఎన్నికలొచ్చినప్పుడల్లా వాగ్దానంగా తిరిగొస్తాయి. ఆ బస్తీల్లో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి.

పట్టికలో బస్తీల హద్దుల వరుస కూడా కనిపించింది. టేబుల్ ఉంది, స్టైల్ ఉంది. ఎవరు చూడొచ్చనే గడి ఖాళీ. జియోసర్వర్‌లో మనం వద్దని చెప్పకపోతే కొత్త లేయర్‌ను ఎవరైనా చూసేయొచ్చు. చేత్తో ఎక్కించే రోజుల్లో తప్పు హద్దు ఒక పటంలోనే ఉండేది. స్క్రిప్టు దాన్ని ఒక్క దెబ్బతో అన్ని పటాల్లోకీ ఎక్కిస్తుంది. తెర మీద సన్నటి గీతగా కనిపించాక, అది సర్వేవాడు ఉజ్జాయింపుగా వేసిందని ఎవరూ అనుకోరు. ఇల్లు ఆ గీతకు అవతల పడ్డవాడు ఏ ఆఫీసుకెళ్లినా ముందు ఆ పటమే తీసి చూపిస్తారు.

అందుకే ఆ గడి ఖాళీగా ఉన్న లేయర్‌ను ఎక్కించకుండా, పేరు మాత్రం లాగ్‌లో రాసి ముందుకు పోయేలా స్క్రిప్టు రాసుకున్నారు.

"మరి ఆ గడి నింపేదెవరు?" అన్నాను.

"హద్దు కాగితమ్మీద సంతకం పెట్టినోళ్లు నింపాలి బాబాయ్. ఇద్దరు పెట్టాలన్నాం. ఒకరు పెట్టారు."